శ్రీలంకలో గొడవలెక్కువా, బంగ్లాదేశ్‌లోనా? ముందు లెక్క ఎలా పెడుతున్నారో చూడాలి

2022 జూలై 9న కొలంబోలో జనం ప్రెసిడెంట్ బంగళాలోకి దూరి స్విమ్మింగ్ పూల్‌లో ఈత కొట్టారు. 2024 ఆగస్టు 5న ఢాకాలో జనం ప్రధాని ఉండే గణభవన్‌లోకి దూరి కుర్చీలు, చీరలు, చేపలు, ఏది దొరికితే అది పట్టుకుపోయారు. రెండు వీడియోలూ వైజాగ్‌లో ప్రతి ఫ్యామిలీ గ్రూపులో తిరిగాయి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే సినిమా రెండేళ్ళకి రీరిలీజ్ చేసినట్టు ఉంటుంది. అదే వేడిలో చాలామంది ఒక మాట అనేశారు, ఈ చుట్టుపక్కల చిన్న దేశాలన్నీ ఇంతే, ఎప్పుడూ గొడవలే, అని. అది తప్పు. ఈ రెండు దేశాలూ గత యాభై ఏళ్ళుగా పూర్తిగా వేరే వేరే తీరులో మండాయి, ఒకచోట తరచుగా చిన్నచిన్న మంటలు, ఇంకోచోట ఏళ్ళకేళ్ళు ఏమీ లేనట్టుండి ఒక్కసారి ఊరూరూ కాలిపోయేంత మంట. ఆ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే ముందు అసలు అశాంతిని ఎవరు, ఎలా కొలుస్తున్నారో చూడాలి, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే ఉంది.

ఈ దేశాలు మనకేమీ దూరం కాదు. అచ్యుతాపురంలో వేలమంది ఆడపిల్లలు రోజూ బస్సులెక్కి వెళ్ళే బ్రాండిక్స్ శ్రీలంక కంపెనీయే. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం ఉందే, అది 1971 యుద్ధం గుర్తుగా కట్టింది, బంగ్లాదేశ్ పుట్టింది ఆ యుద్ధంతోనే. కాబట్టి కొలంబోలోనో ఢాకాలోనో ఏదన్నా జరిగితే ఇక్కడ ఆసక్తి ఉండటం సహజం, ఆ ఆసక్తికి తగ్గట్టు లెక్క కూడా సరిగ్గా ఉంటే బాగుంటుంది.

లెక్క సంగతి విశాఖ ఉదాహరణతోనే ఈజీగా అర్థమవుతుంది. 2021 జనవరి 27న స్టీల్ ప్లాంట్‌లో నూరు శాతం వాటా అమ్మేయడానికి కేంద్ర కేబినెట్ కమిటీ ఓకే చెప్పింది, ఆ వార్త బయటికి రాగానే ఫిబ్రవరిలో కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టారు. ఒక్కో రోజు ఒక్కో డిపార్ట్‌మెంట్ వాళ్ళు, ఒక్కో యూనియన్ వాళ్ళు కూర్చునేవారు, సాయంత్రానికి నిమ్మరసమో కొబ్బరి నీళ్ళో ఇచ్చి లేపేవారు, మర్నాడు ఇంకో బ్యాచ్. ఇలా వెయ్యి రోజులు దాటిపోయింది. ఇప్పుడు దీన్ని ఎన్ని ఆందోళనలుగా లెక్కేయాలి? ఒక చోట ఒక రోజు జరిగినదాన్ని ఒక ఈవెంట్‌గా రాసుకునే పద్ధతి ఒకటుంది, ఆక్లెడ్ అనే సంస్థ చేసేది అదే, ఆ పద్ధతిలో వార్త వచ్చిన ప్రతి రోజూ ఒక ఈవెంటే, అంటే ఈ ఒక్క టెంటే వందల్లోకి వెళ్ళిపోతుంది. ఉద్యమం మొత్తాన్ని ఒక్కటిగా చూసేవాళ్ళకి అది ఒకటే. స్వీడన్‌లో ఉప్సాలా యూనివర్సిటీ వాళ్ళు సాయుధ పోరాటాల లెక్క పెడతారు, అక్కడ ఏడాదికి కనీసం 25 మంది పోరులో చనిపోతేనే ఎంట్రీ, కాబట్టి వాళ్ళ లెక్కలో కూర్మన్నపాలెం సున్నా. ఇంకా పాత పద్ధతి ఒకటుంది, న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన వార్తల్ని బట్టి ఏ దేశంలో ఎన్ని సమ్మెలు, ఎన్ని అల్లర్లు అని దశాబ్దాలుగా పట్టీ కట్టారు, ఆ పేపర్‌కి కూర్మన్నపాలెం ఎక్కడుందో తెలియాలి కదా ముందు. టెంటు ఒకటే, కోపం ఒకటే, నెంబర్ మాత్రం సున్నా నుంచి వెయ్యి దాకా ఏదైనా రావచ్చు.

అదే ఊళ్ళో 1966 తీసుకోండి. ఉక్కు ఫ్యాక్టరీ కోసం అక్టోబర్ 15న టి. అమృతరావు గారు ఆమరణ దీక్షకి కూర్చున్నారు, నవంబర్ 1న విశాఖలో పోలీస్ ఫైరింగ్ జరిగింది, రాష్ట్రమంతా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయని లెక్క. మొత్తం నెల రోజుల కథ కూడా కాదు. రోజుల లెక్కన చూస్తే 2021 తర్వాత ఉద్యమం చాలా పెద్దది, ప్రాణాల లెక్కన చూస్తే 1966 దగ్గర్లోకి కూడా రాదు. ఏది పెద్ద అశాంతి అంటే జవాబు మీరు దేన్ని కొలుస్తున్నారో దాన్ని బట్టి మారిపోతుంది. ఒకే ఊరికి, ఒకే ఫ్యాక్టరీకే ఇంత తేడా వస్తుంటే రెండు దేశాల్ని యాభై ఏళ్ళపాటు ఒక గ్రాఫ్ మీద గీసేసి ఇదిగో ఈ గీత పైనుంది అనడం ఎంత నమ్మదగిందో ఆలోచించొచ్చు.

ఇప్పుడు అసలు దేశాల దగ్గరికి వద్దాం. రెండింటికీ సరిపోయే మొదలు ఏది అంటే 1972 అనుకోవచ్చు, ఆ ఏడాది మే 22న సిలోన్ రిపబ్లిక్ అయ్యి శ్రీలంక పేరు పెట్టుకుంది, డిసెంబర్ 16న బంగ్లాదేశ్ రాజ్యాంగం అమల్లోకొచ్చింది. చూడ్డానికి నీట్‌గా ఉంది, కానీ ఇక్కడా ఒక మెలిక ఉంది. 1972 నుంచి మొదలుపెడితే 1971 ఏప్రిల్‌లో శ్రీలంకలో జేవీపీ అనే వామపక్ష పార్టీ కుర్రాళ్ళు ఒకే రాత్రి పదుల సంఖ్యలో పోలీస్ స్టేషన్ల మీద పడిన తిరుగుబాటు లెక్కలోంచి జారిపోతుంది, అందులో చనిపోయింది వేలల్లో. బంగ్లాదేశ్ వైపు 1952 భాషా ఉద్యమం, 1969 జనం తిరుగుబాటు, 1971 నరమేధం ఇవన్నీ పాకిస్తాన్ ఖాతాలోకి పోతాయి. మొదలు ఎక్కడ పెట్టాలన్నదే ఒక జడ్జిమెంట్, ఎవరన్నా ఇది న్యూట్రల్ గ్రాఫ్ అంటే ముందు ఎడమవైపు చివర ఏ సంవత్సరం రాసుందో చూడాలి.

బంగ్లాదేశ్‌ది రోడ్డు మీద రాజకీయం. హర్తాళ్ అంటే మన బంద్ లాంటిదే, కాకపోతే అక్కడ అది ఏదో ఏడాదికొకసారి వచ్చేది కాదు. 1987 నవంబర్‌లో ఎర్షాద్ నియంతృత్వం పోవాలని ఒంటి మీద పెయింట్‌తో రాసుకుని ఊరేగింపులో నడిచిన నూర్ హుస్సేన్ అనే కుర్రాణ్ణి పోలీసులు కాల్చేశారు, ఆ ఫోటో ఇప్పటికీ అక్కడ ప్రతి ఇంట్లో తెలుసు. 1990 డిసెంబర్ 6న ఎర్షాద్ దిగిపోయాడు, దింపింది యూనివర్సిటీ స్టూడెంట్లు, హర్తాళ్ళు. అది పనిచేసేసరికి పార్టీలన్నిటికీ అదే అలవాటయ్యింది. 1994 నుంచి 1996 దాకా షేక్ హసీనా అవామీ లీగ్ ప్రతిపక్షంలో ఉండి ఎన్నికలు తటస్థ ప్రభుత్వం ఆధ్వర్యంలో పెట్టాలని 170 రోజులకి పైగా హర్తాళ్ చేసిందని చెప్తారు, తర్వాత ఆవిడ అధికారంలోకొచ్చాక ఖలీదా జియా బీఎన్‌పీ వాళ్ళు అదే పని తిరిగి చేశారు. రోజుల్లో లెక్కపెట్టే గ్రాఫ్ ఏదైనా సరే తొంభైల్లో బంగ్లాదేశ్‌ని ఆకాశానికి ఎత్తేస్తుంది. అయితే ఆ రోజుల్లో చాలావాటిలో జరిగింది ఏంటంటే షాపులు మూసేయడం, బస్సులు నడవకపోవడం, రిక్షాలు మాత్రం తిరగడం, నాలుగు రాళ్ళు, రెండు టైర్లు. ప్రాణాలు పోలేదని కాదు, పోయాయి, కానీ సంఖ్యకి తగ్గట్టు కాదు.

శ్రీలంక దీనికి రివర్స్. అక్కడ వీధి గొడవల లెక్క తక్కువ, ప్రాణాల లెక్క భయంకరం. 1983 జూలైలో ఉత్తరాన 13 మంది సైనికుల్ని ఎల్‌టీటీఈ చంపింది, దాని తర్వాత కొలంబోలో తమిళుల ఇళ్ళు, షాపులు వెతికి వెతికి తగలబెట్టారు, కొందరి చేతుల్లో ఓటర్ల లిస్టులు ఉన్నాయని అప్పుడే బయటికొచ్చింది. అక్కడి నుంచి మొదలైన అంతర్యుద్ధం 2009 మే దాకా సాగింది, మొత్తం మీద 80 వేల నుంచి లక్ష మంది పోయారన్నది ఐక్యరాజ్యసమితి వాళ్ళు తరచూ చెప్పే అంచనా. అది జరుగుతుండగానే దక్షిణాన, సింహళ గ్రామాల్లో, 1987 నుంచి 1989 దాకా జేవీపీ రెండో తిరుగుబాటు వచ్చింది, దాన్ని అణచడానికి ప్రభుత్వం, సాయుధ ముఠాలు చేసినదంతా కలిపి చనిపోయిన, మాయమైన వాళ్ళు 60 వేల దాకా ఉంటారని గరిష్ఠ అంచనాలు చెప్తాయి. నదుల్లో శవాలు తేలేవి, రోడ్డు పక్కన టైర్ల మీద శవాలు కాలేవి. ఇందులో ఎన్నింటికి వార్త వచ్చుంటుంది? పేపర్ అమ్మితేనే చంపేస్తామని జేవీపీ వాళ్ళు బెదిరించే రోజులవి, రిపోర్టర్లు కూడా హతమయ్యారు. వార్తల్ని లెక్కపెట్టే పద్ధతికి ఇలాంటి కాలమే అసలు కనపడదు, భయం ఎంత ఎక్కువుంటే లెక్క అంత తక్కువొస్తుంది.

జనాభా కూడా కలిపి చూస్తే తేడా ఇంకా గట్టిగా కనపడుతుంది. 2024 జూలై 1 నుంచి ఆగస్టు 15 లోపు బంగ్లాదేశ్‌లో 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ఆఫీసు 2025 ఫిబ్రవరిలో రిపోర్ట్ ఇచ్చింది. బంగ్లాదేశ్ జనాభా 17 కోట్లు, అంటే లక్ష మందికి ఒకరు కూడా కాదు. 1989 నాటి శ్రీలంక జనాభా కోటీ డెబ్భై లక్షల ప్రాంతం, గరిష్ఠ అంచనా 60 వేలే తీసుకుంటే లక్షకి 350 మంది. అంతమంది పోయారంటే ప్రతి పల్లెలో ఒక ఇల్లు ఉంటుంది, కొడుకు ఇంటికి రాని ఇల్లు. అలాగని ఢాకాలో పోయిన ప్రాణాలు చిన్నవని కాదు ఈ మాటకి అర్థం. సగటు తీసేటప్పుడు తలకి ఎంత అని చూడకపోతే పెద్ద దేశం ఎప్పుడూ గొడవల దేశంగానే కనపడుతుంది, అది చెప్పడానికే.

మరి ఇంత తేడా ఎందుకు? చాలామంది వెంటనే ఎకానమీ అంటారు. శ్రీలంకకి వచ్చేసరికి అది కొంత నిజమే. 1953లో బియ్యం సబ్సిడీ తీసేసి కొలత బియ్యం 25 సెంట్ల నుంచి 70 సెంట్లకి పెంచారు, ఆగస్టు 12న దేశమంతా హర్తాళ్, కేబినెట్ మీటింగ్ ఒడ్డున పెట్టుకోలేక కొలంబో హార్బర్‌లో ఆగిన బ్రిటిష్ యుద్ధనౌకలో పెట్టుకున్నారు, అక్టోబర్‌కి ప్రధాని డడ్లీ సేనానాయకే రాజీనామా చేశాడు. 2022లో కూడా కథ మొదలైంది పెట్రోల్ క్యూలు, గ్యాస్ బండలు, గంటల కొద్దీ కరెంట్ కోతల దగ్గరే. 2021లో రసాయన ఎరువుల దిగుమతి రాత్రికి రాత్రి ఆపేయడంతో వరి, టీ దెబ్బతిన్నాయి, 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు, సెప్టెంబర్‌కి ధరల పెరుగుదల 70 శాతం దగ్గరికి వెళ్ళింది. పిల్లల స్కూల్ ఎగ్జామ్‌కి పేపర్ లేదు, అక్కడిదాకా వచ్చింది.

కానీ బంగ్లాదేశ్‌లో ఈ సూత్రం పారదు. అక్కడ రెండు దశాబ్దాలు ఏటా 6 శాతం చుట్టుపక్కల ఎదుగుదల ఉంది, బట్టల ఎగుమతిలో చైనా తర్వాత పేరు వాళ్ళదే వినిపిస్తుంది, పద్మా బ్రిడ్జి కట్టారు, మెట్రో వేశారు. 2024 గొడవ మొదలైంది ఆకలి మీద కాదు, గవర్నమెంట్ ఉద్యోగాల మీద. 1971 స్వాతంత్ర్య పోరాట యోధుల పిల్లలకి, మనవలకి 30 శాతం కోటా ఉండేది, 2018లో స్టూడెంట్లు రోడ్డెక్కితే ప్రభుత్వం కోటాలే తీసేసింది, 2024 జూన్ 5న హైకోర్టు ఆ కోటా మళ్ళీ పెట్టమంది. చదువుకున్న కుర్రాళ్ళకి ప్రైవేట్‌లో సరైన ఉద్యోగం లేదు, ఉన్న గవర్నమెంట్ సీట్లలో మూడోవంతు పాలక పార్టీకి దగ్గరగా ఉన్న కుటుంబాలకి వెళ్తుందన్న అనుమానం. ఇక్కడ ఎంవీపీ కాలనీలోనో ద్వారకానగర్‌లోనో గ్రూప్స్ కోచింగ్ సెంటర్ల ముందు మెట్ల మీద కూర్చుని నోట్స్ తిరగేసే పిల్లల్ని చూసినవాళ్ళకి ఆ కోపం అర్థం చేసుకోవడం కష్టం కాదు. అయినా కోటా ఒక్కటే అయితే జూలై 21న సుప్రీంకోర్టు ఆ కోటాని 5 శాతానికి తగ్గించేసింది కదా, అక్కడితో ఆగిపోవాలి. ఆగలేదు, ఎందుకంటే అప్పటికే జూలై 16న రంగ్‌పూర్‌లో చేతులు చాచి నిలబడ్డ అబూ సయీద్ అనే స్టూడెంట్‌ని పోలీసులు కాల్చిన వీడియో దేశమంతా చూసేసింది, 18న ఇంటర్నెట్ కట్ చేశారు, కర్ఫ్యూ పెట్టారు, వందల మంది పోయారు. డిమాండ్ మారిపోయింది, తొమ్మిది షరతులు కాస్తా చివరికి ఒక్కటే షరతయ్యింది, హసీనా దిగాలి అని.

ఎకానమీ కంటే బాగా సరిపోయే వివరణ ఇంకోటుంది, అది ఓటు. జనం ఓటేస్తే ప్రభుత్వం మారుతుందన్న నమ్మకం ఉన్నంతకాలం కోపం ఎన్నికల దాకా ఆగుతుంది. శ్రీలంకలో 1931 నుంచే అందరికీ ఓటు ఉంది, 1956, 1960లో రెండుసార్లు, 1965, 1970, 1977, ప్రతి ఎన్నికలోనూ అధికారం చేతులు మారింది, ఆసియాలో అప్పట్లో అలాంటి రికార్డు ఇంకెవరికి ఉంది? 1977లో గెలిచి వచ్చినవాడు జె.ఆర్. జయవర్ధనే. 1980లో జనరల్ స్ట్రైక్ చేస్తే 40 వేలమంది ఉద్యోగుల్ని ఒక్క దెబ్బకి తీసేశాడు. 1982 డిసెంబర్‌లో పార్లమెంట్ ఎన్నికలు జరపకుండా రిఫరెండం పెట్టి ఉన్న పార్లమెంట్‌నే ఇంకో ఆరేళ్ళు పొడిగించుకున్నాడు. 1983 జూలై అల్లర్ల నింద జేవీపీ మీద కూడా వేసి ఆ పార్టీని బ్యాన్ చేశాడు, అంతకు ముందు ఏడాదే ఆ పార్టీ నాయకుడు రోహన విజేవీర ప్రెసిడెంట్ ఎన్నికల్లో పోటీ చేసి ఓడిపోయిన మామూలు అభ్యర్థి. ఓటు దారి మూసేశాక నాలుగైదేళ్ళకే దక్షిణమంతా తుపాకులు లేచాయి. తమిళుల విషయంలో దారి ఇంకా ముందే మూసుకుపోయింది, 1956లో సింహళమే అధికార భాష అన్న చట్టం వచ్చాక ఎన్ని సీట్లు గెలిచినా వాళ్ళ మాట చెల్లే పరిస్థితి లేదు. అంటే అదే ఎన్నికల వ్యవస్థ మెజారిటీకి బాగా పనిచేసింది, మైనారిటీకి, ఉద్యోగం లేని పల్లెటూరి కుర్రాళ్ళకి పనిచేయలేదు. శ్రీలంక మంటలన్నీ సరిగ్గా ఆ రెండు చోట్లే లేచాయి.

బంగ్లాదేశ్‌లో కథ ఇంకా స్పష్టంగా ఉంది. 1991, 1996 జూన్, 2001, 2008, ఈ నాలుగు ఎన్నికలూ ఆపద్ధర్మ తటస్థ ప్రభుత్వాల చేతిలో జరిగాయి, నాలుగుసార్లూ అంతకు ముందు పాలించిన పార్టీ ఓడింది. అధికారంలో ఉన్నవాళ్ళకి ఇది నచ్చే ఏర్పాటు కాదు. 2011లో హసీనా ప్రభుత్వం రాజ్యాంగం సవరించి ఆ పద్ధతిని ఎత్తేసింది. విచిత్రం ఏంటంటే అది రావాలని అన్ని రోజులు హర్తాళ్ళు చేసింది ఆవిడ పార్టీయే. ఆ వెంటనే 2013 నుంచి 2015 దాకా పెట్రోల్ బాంబులు, బస్సుల దహనాలు, దిగ్బంధాలు. 2014 ఎన్నికల్లో 300 సీట్లలో 153 చోట్ల పోటీయే లేదు. 2018 డిసెంబర్‌లో బీఎన్‌పీ కూటమికి పది సీట్లు కూడా రాలేదు. 2024 జనవరి 7న బీఎన్‌పీ మళ్ళీ బాయ్‌కాట్. ఆ ఎన్నిక అయిన ఏడు నెలలకి గణభవన్ గేట్లు విరిగాయి.

ఇక్కడ గ్రాఫ్‌లు బాగా మోసం చేసే చోటు ఒకటుంది. 2015 తర్వాత నుంచి 2023 దాకా బంగ్లాదేశ్‌లో పెద్ద రాజకీయ హర్తాళ్ళు తగ్గిపోయాయి. చూసేవాళ్ళు అబ్బ దేశం కుదుటపడింది, స్టెబిలిటీ వచ్చింది అన్నారు, పెట్టుబడులు పెట్టేవాళ్ళు కూడా అదే అన్నారు. నిజానికి ఆ కాలంలో మనుషులు మాయమయ్యారు, 2018 డిజిటల్ సెక్యూరిటీ చట్టం కింద ఫేస్‌బుక్ పోస్టులకి అరెస్టులు జరిగాయి, ప్రతిపక్షం వాళ్ళ మీద కేసులు గుట్టలుగా పడ్డాయి. అదే 2018లో రెండు బస్సుల పోటీకి ఇద్దరు స్కూలు పిల్లలు చనిపోతే యూనిఫామ్‌లో ఉన్న పిల్లలు ఢాకా రోడ్ల మీదకొచ్చి మంత్రుల కార్లు ఆపి లైసెన్సులు అడిగారు, చిన్న కారణానికి అంత పెద్ద జనం రావడమే లోపల ఏముందో చెప్పింది. శ్రీలంకలో 2009 తర్వాత రాజపక్స అన్నదమ్ముల (మహింద, గోటబయ) మొదటి దఫా కూడా అలాగే పైకి చల్లగా కనపడింది, మధ్యలో 2011లో పెన్షన్ బిల్లు మీద కటునాయకే ఫ్యాక్టరీ కార్మికులు లేచారు, 2013లో వెలివేరియలో మంచినీళ్ళు పాడయ్యాయని రోడ్డెక్కిన ఊరి జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. గ్రాఫ్‌లో ఇవి చిన్న చుక్కలు. చుక్క ఎంత చిన్నదని కాదు, తాగే నీళ్ళ గొడవకి పోలీసులు కాకుండా మిలిటరీ ఎందుకొచ్చింది అన్నది చూడాలి.

గొడవ ఎంత పెద్దదవుతుందో నిర్ణయించేది చాలాసార్లు జనం కాదు, ప్రభుత్వం. 2022లో శ్రీలంక ప్రభుత్వం ఏప్రిల్‌లో సోషల్ మీడియా బ్లాక్ చేసింది, ఒక్కరోజు కూడా నిలవలేదు, సొంత మంత్రే అది పనికిరాదన్నాడు. మే 9న అప్పటి ప్రధాని మహింద రాజపక్స మద్దతుదారులు కొలంబో సముద్రం ఒడ్డున గాల్ ఫేస్ మైదానంలో ఉద్యమకారులు వేసుకున్న టెంట్ల మీద దాడి చేశారు, ఆ రాత్రి దేశమంతా పాలక పార్టీ వాళ్ళ ఇళ్ళు తగలబడ్డాయి, ఒక ఎంపీ కూడా చనిపోయాడు, కానీ ఏప్రిల్ నుంచి జూలై దాకా మొత్తం కలిపితే పోయిన ప్రాణాలు పది చుట్టుపక్కలే. లక్షల మంది రోడ్డు మీద ఉన్న నాలుగు నెలల ఉద్యమానికి అది చాలా తక్కువ. అదే సైన్యం 1989లో ఏం చేసిందో గుర్తున్నవాళ్ళకి ఇది నమ్మశక్యం కాని తేడా. కారణాలు వెతికితే, గాల్ ఫేస్‌లో ఉన్నది ఎక్కువగా సింహళ మధ్య తరగతి, సైనికుల సొంత అన్నదమ్ములు, బంధువులు, ఆ జనం మీద కాల్చమనడం అంత తేలిక కాదు. జాఫ్నా తమిళులు అప్పుడే ఒక చేదు మాట అన్నారు, మేము అడిగితే ఇలా ఊరుకునేవాళ్ళా అని. న్యాయమైన ప్రశ్నే. ఢాకాలో పోలీసులు, పాలక పార్టీ స్టూడెంట్ వింగ్ ఛాత్ర లీగ్ జూలై మధ్య నుంచే జనం మీద పడ్డారు, చివరికి ఆగస్టు మొదటి వారంలో కర్ఫ్యూ నిలబెట్టడానికి కాల్చం అని సైన్యం వెనక్కి తగ్గాకే కథ ముగిసింది. అప్పటికే చాలా ఆలస్యమైంది.

తర్వాత ఏమైందన్నది కూడా లెక్కలోకి రావాలి, చాలా పోలికలు ప్రభుత్వం పడిపోయిన రోజుతో ఆగిపోతాయి. శ్రీలంకలో ప్రెసిడెంట్ గోటబయ పారిపోయాక పార్లమెంట్ ఉంది, రాజ్యాంగం ఉంది, జూలై 20న అదే పార్లమెంట్ రణిల్ విక్రమసింఘేని ఎన్నుకుంది, రెండ్రోజులకే ఆయన గాల్ ఫేస్ క్యాంపు ఖాళీ చేయించాడు, జనం తిట్టుకున్నారు కానీ ఆగారు, ఎందుకంటే 2024 సెప్టెంబర్‌లో ప్రెసిడెంట్ ఎన్నిక ఉందని తెలుసు. ఆ ఎన్నికలో గెలిచింది ఎవరు? అనుర కుమార దిసనాయకే, జేవీపీ నాయకుడు. రెండుసార్లు తుపాకీ పట్టిన పార్టీ మూడోసారి బ్యాలెట్ పట్టుకుని గెలిచింది, నవంబర్‌లో వాళ్ళ కూటమికి 225లో 159 సీట్లు వచ్చాయి. బంగ్లాదేశ్‌లో అలా తలుపు పక్కనే ఇంకో తలుపు లేదు. ఆగస్టు 6న పార్లమెంట్ రద్దయ్యింది, 8న మహమ్మద్ యూనస్ తాత్కాలిక ప్రభుత్వం వచ్చింది, పోలీసులు కొన్నాళ్ళు స్టేషన్లకే రాలేదు, హిందువుల ఇళ్ళ మీద, అవామీ లీగ్ వాళ్ళ మీద దాడులు జరిగాయి, 2025 ఫిబ్రవరిలో ఢాకాలోని ధాన్‌మండిలో హసీనా తండ్రి ముజిబుర్ రెహ్మాన్ ఇంటిని బుల్డోజర్లతో పడగొట్టారు. 2025 నవంబర్ 17న అక్కడి ట్రిబ్యునల్ హసీనాకి, ఆవిడ ఇక్కడ ఇండియాలో ఉండగానే, ఉరిశిక్ష వేసింది. ప్రభుత్వాన్ని దింపడం రెండుచోట్లా నెలల్లోనే అయ్యింది, దింపాక ఏ సంస్థ మిగిలుంది అన్న దగ్గరే దారులు చీలాయి.

కాబట్టి ఎవరన్నా రెండు దేశాల అశాంతి పోలిక చూపిస్తే అడగాల్సిన ప్రశ్నలు పెద్ద క్లిష్టమైనవి కావు. ఈవెంట్ అంటే రోజా, ఉద్యమమా, శవమా? వార్త ఎవరు రాశారు, రాసే స్వేచ్ఛ ఆ ఏడాది ఉందా? జనాభాతో భాగించారా? ఇంకా ముఖ్యమైంది, ఆ ఏడాదికి ముందు జరిగిన ఎన్నిక ఎలా జరిగింది? జీవీఎంసీ గాంధీ బొమ్మ దగ్గర వారంలో ఏదో ఒక ధర్నా ఉంటుంది, ఆశా వర్కర్లో, కాంట్రాక్ట్ లెక్చరర్లో, మున్సిపల్ కార్మికులో, పక్కనే బస్సులు వెళ్తూనే ఉంటాయి, ఎస్సై గారు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటారు. ఈవెంట్లు లెక్కపెట్టే కంప్యూటర్‌కి అదంతా అశాంతే. నిజానికి ఆ ధర్నా జరగడం, అది వార్తగా రావడం, మర్నాడు అదే చోట ఇంకొకరికి చోటు దొరకడం, ఇవి వ్యవస్థ పనిచేస్తోందన్న గుర్తులు. 2023 డిసెంబర్‌లో రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకి దిగితే ప్రభుత్వం సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం పెట్టింది, అయినా 42 రోజులు సాగింది, చర్చలతో ముగిసింది. అలాంటి 42 చుక్కలకీ, వెలివేరియ లాంటి ఒక్క చుక్కకీ గ్రాఫ్‌లో ఒకే సైజు వేస్తే ఆ గ్రాఫ్ ఎందుకూ పనికిరాదు.

ముందు ముందు చూడాల్సినవి రెండు. శ్రీలంకకి 2023 మార్చిలో ఐఎంఎఫ్ ఇచ్చిన సుమారు 300 కోట్ల డాలర్ల ప్రోగ్రాం నాలుగేళ్ళది, దాని షరతుల వల్ల పెంచిన కరెంట్ ఛార్జీలు, పన్నులు ఇప్పటికీ జనం నెత్తి మీదే ఉన్నాయి, 2028 నుంచి విదేశీ అప్పుల కిస్తీలు మళ్ళీ గట్టిగా మొదలవ్వాలి, ఆ భారం మోయాల్సింది ఒకప్పుడు ఐఎంఎఫ్‌ని తిట్టిన జేవీపీ ప్రభుత్వమే. బంగ్లాదేశ్‌లో అసలు ప్రశ్న, ఓడిపోయిన పార్టీకి మళ్ళీ పోటీ చేసే చోటు ఉంటుందా అన్నది, అవామీ లీగ్ కార్యకలాపాల మీద 2025 మేలో నిషేధం పెట్టారు, ఆ పార్టీకి ఓటేసేవాళ్ళు మాత్రం లక్షల్లో ఇంకా ఆ దేశంలోనే ఉన్నారు.